రెండు గుండ్లూ ఒక ఆఫ్‌సైడూ

ఆ రోజుల్లో నాకు జుట్టు ఉండేది. ఈ మాట ఇప్పుడు చెబితే మా మనవలు నమ్మరు, ఫొటో ఉంటే చూపించమంటారు. ఫొటో తీయించుకోవాలంటే ముందు ఫిల్ము దొరకాలి కదా. అప్పట్లో రంగూన్‌లో ఒళ్ళు రుద్దుకునే సబ్బు దగ్గర్నుంచి సైకిల్ ట్యూబు దాకా ఏదీ అడిగిన వెంటనే దొరికేది కాదు కాబట్టి నా జుట్టుకు సాక్ష్యం లేకుండా పోయింది. దేశం తలుపులన్నీ వేసుకుని కూర్చున్న కాలం అది. బయట ఎక్కడో ఎవరో కప్పు గెలిచారన్న సంగతి మాకు నెలలు గడిచాక తెలిసేది, తెలిసినా అది వేరే గ్రహం కబురులాగే ఉండేది. వానాకాలం వచ్చిందంటే గోడలన్నీ నాచు పట్టి పచ్చబడేవి, మధ్యాహ్నం పూట ట్రిషాలనే సైకిల్ రిక్షాలు తొక్కేవాళ్ళు బండి సీట్లోనే కాళ్ళు ముడుచుకుని నిద్రపోయేవారు, పజుండౌంగ్ కాలవ మీద పడవలు కూడా ఎటు పోవాలో తేల్చుకోనట్టు నెమ్మదిగా కదిలేవి. ఆ ఊళ్ళో నేను నిజంగా బతికానా, కలగన్నానా అని ఇప్పటికీ ఒక్కోసారి అనుమానం వస్తుంది. ఆ కలలో మసక లేకుండా కనిపించేవి రెండే. ఒకటి కళ్ళమీద పడుతుంటే అస్తమానం చేత్తో వెనక్కి తోసుకునే నా జుట్టు. రెండోది మా మావ.

మావ అంటే మా అమ్మ తమ్ముడు. కాలవ ఒడ్డున బియ్యం మిల్లులో మేస్త్రీ. మా తాతముత్తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడల్లో సరుకు దించడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఓడలు తగ్గిపోయాక మిగిలిన వాళ్ళం మిల్లుల్లోకీ, కొట్లలోకీ సర్దుకున్నాం. ఆ మిల్లుకో ఫుట్‌బాల్ జట్టు ఉండేది. మావ జన్మలో బంతిని కాలితో ముట్టుకుని ఎరగడు గాని, జట్టుకు మాత్రం తనే పెద్ద దిక్కు అనుకునేవాడు. వానాకాలంలో పేటల మధ్య జరిగే లీగులో మా జట్టు ఏ ఏడూ పైకి పోయింది లేదు, కిందికీ పోలేదు. మధ్యలో ఎక్కడో ఊగుతూ ఉండేది, మాకు అదే చాలు. నేను అప్పుడు పేరుకు కాలేజీ విద్యార్థిని. ప్రభుత్వం మీద విద్యార్థుల గొడవల మూలంగా కాలేజీలు మూసేశారు కాబట్టి మావతోపాటు మూలమీది టీ కొట్లో కూర్చోవడమే నా చదువు. (అక్కడ నేర్చుకున్నంత కాలేజీలో నేర్చుకోలేదని అంటే మా అమ్మ ఇప్పుడు పైనుంచి కూడా చెవి మెలేస్తుంది.)

ఆ కొట్లో మాతో కూర్చునే మూడో మనిషి ఒక బర్మా ముసలాయన. రైల్వేలో పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రమైతే రేడియో చెవికి ఆనించుకుని విదేశీ వార్తలు వినేవాడు, అందుకని ఆయన్ని అందరం ఊ రేడియో, అంటే రేడియోగారు, అనేవాళ్ళం. ఆయన ఎదుట కూడా అదే పిలుపు, ఆయనకు నచ్చింది కూడా. అంతకుముందు టీ కొట్లో రాజకీయం మాట్లాడటానికి ఎవరికీ ధైర్యం ఉండేది కాదు. పక్క బల్లమీద కొత్త మొహం కనిపిస్తే చాలు, అందరం వాతావరణం గురించి మాట్లాడేవాళ్ళం. కాని ఆ ఏడు వానలతోపాటు ఏదో తెగింపు కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి దేశాన్ని ఏలుతున్న పెద్దాయన దిగిపోతాడా, దిగిపోతే తర్వాత ప్రెసిడెంటు ఎవరు అన్న మాట ప్రతి గ్లాసు టీతోపాటూ బల్లమీదకు వచ్చేది. ఊ రేడియో రోజుకో పేరు చెప్పేవాడు. ఆయన చెప్పిన పేరు తప్ప మిగతా ఎవరైనా అవ్వొచ్చని మేం తొందరలోనే కనిపెట్టాం. మావ మాత్రం ప్రెసిడెంటు గురించి మొదలుపెట్టి మా గోల్‌కీపర్ దగ్గర తేలేవాడు, గోల్‌కీపర్ గురించి మొదలుపెట్టి మంత్రుల్ని తిట్టేవాడు. ఆయనకు ఆ రెండూ వేరు వేరు విషయాలని ఎప్పుడూ అనిపించలేదు.

ఆ ఏడు మా జట్టుకు శని పట్టింది. వరసగా ఓడిపోయి పట్టికలో అడుక్కి చేరాం. చివరి మ్యాచుకు ముందరిది తామ్వే పేట జట్టుతో. మోకాలి లోతు బురదలో ఆట అయిపోవస్తుందనగా వాళ్ళ కుర్రాడొకడు బంతి అందుకుని గోల్లోకి తోసేశాడు. మావ గొడుగు పారేసి, బంతి అందకముందే వాడు మా బేకుని, అంటే వెనక కాపు కాసేవాణ్ణి, దాటి నిలబడ్డాడు, ఆఫ్‌సైడ్ అని అరిచాడు, రిఫరీ వినలేదు, ఓడిపోయాం. ఇక మిగిలింది ఒక్క మ్యాచు. అది గెలిస్తే ఉంటాం, లేకపోతే కింది డివిజన్‌కి పోతాం. గెలిచే ఆశ మాలో ఎవరికీ లేదు. ఆ సాయంత్రం టీ కొట్లో తడిసిన బట్టలతో కూర్చున్నాం. మావ ఉన్నట్టుండి లేచి కాలవ పక్కనున్న అమ్మవారి గుడివైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, ఆ పెద్దాయన దిగిపోవాల, మా గుంటలు దిగిపోకూడదు. ఈ రెండూ అయితే నానూ, నా మేనల్లుడూ తలనీలాలు ఇచ్చుకుంటాం."

(గుంటలంటే మా జట్టు కుర్రాళ్ళు.) నా నోట్లో సమోసా ఉంది. అది మింగి అభ్యంతరం చెప్పేలోపలే మొక్కు అమ్మవారికి చేరిపోయింది. మొదట కంగారుపడ్డాను గాని, తర్వాత ఆలోచించుకుంటే గుండె కుదుటపడింది. నా చిన్నప్పటి నుంచీ ఉన్న ప్రభుత్వం దిగిపోవడమా? మా జట్టు గెలవడమా? రెండూ ఒకే ఏడు జరగడమా? నా జుట్టంత భద్రమైనది ఆ ఊళ్ళో ఇంకోటి లేదనుకున్నాను.

తర్వాత కొద్దిరోజులకే పెద్దాయన దిగిపోయాడు. ఊ రేడియో కబురు మోసుకొస్తూ టీ కొట్టు మెట్టు తట్టుకుని పడ్డాడు. ఆయన స్థానంలో వచ్చినవాడు మరీ గట్టివాడని పేరు, దాంతో ఈ దిగిపోవడం లెక్కలోకి రాదేమో అని నేను నెమ్మదిగా అన్నాను. మొక్కులో తర్వాతోడి మాట లేదన్నాడు మావ. ఆ తర్వాతోడు కూడా వానలు తగ్గకముందే దిగిపోయాడు. ఇంకొకాయన వచ్చాడు. ఊరంతా వీధుల్లోకి వచ్చేసింది. ఆఫీసులవాళ్ళు, ఆసుపత్రివాళ్ళు, సన్యాసులు, మిల్లుల్లో మావాళ్ళు, అందరూ నడిచారు. మా జట్టు కూడా జెర్సీలు వేసుకుని నడిచింది. ఆ రోజుల్లోనే కాల్పులు కూడా జరిగాయి, మా వీధి నుంచి వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళు ఉన్నారు. వాళ్ళ గురించి నవ్వుతూ రాయడం నాకు చేతకాదు. అందుకని వాళ్ళను ఇక్కడికి తీసుకురావడం లేదు.

చివరి మ్యాచు జరగాల్సిన రోజు మైదానానికి వెళ్ళాం. వాన పడుతోంది. రెండు గోల్ స్తంభాలూ, మధ్యలో నీళ్ళూ, గడ్డి తింటున్న ఒక మేకా తప్ప ఎవరూ లేరు. రిఫరీ ఏదో ఊరేగింపులో ఉన్నాడు, అవతలి జట్టు ఇంకో ఊరేగింపులో ఉంది. ఇక లీగు ఆగిపోయిందని, ఎవరూ పైకి పోరని, ఎవరూ కిందికి పోరని తర్వాత తెలిసింది. నేను ఆ సంగతి విని, హమ్మయ్య, జుట్టు దక్కింది అనుకున్నాను. మావ నా తలవంక చూశాడు.

"మన జట్టు దిగిపోయిందేటి?"

ఆడలేదు కదా మావా, ఆడకపోతే మొక్కు ఎలా చెల్లుతుంది అన్నాను.

"ఆడాలని అమ్మని అడిగినానేటి? దిగిపోకూడదని అడిగినాను. దిగిపోయిందేటి సెప్పు."

"లేదు."

"మరింకేటి. లెగు."

గుడి దగ్గర మంగలి మామూలుగా బేరమాడే మనిషి, ఆ రోజు మాత్రం నా జుట్టు చూసి జాలిపడి కత్తి రెండుసార్లు నూరాడు. కళ్ళు మూసుకున్నాను. చల్లగాలి తలకు తగిలినప్పుడు ఏడుపొచ్చింది, ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు. గుండుమీద గంధం రాశారు. అత్త, అంటే మావ భార్య, అమ్మవారికి పెట్టిన పులిహోర ఇత్తడి గిన్నెలో సర్ది మూతపెట్టి గుడ్డకట్టింది. మొక్కు తీరిన రోజే ఆ ప్రసాదం తామ్వేలో ఉన్న మావ పెద్దక్కకు, అంటే మా పెద్దమ్మకు, అందాలి, ఆమె నోట్లో పడ్డాకే మావ ఉపవాసం విడవాలి. అది మా ఇంటి ఆచారం. (నాకు ఉపవాసం లేదు. ఎదిగే వయసని అత్త పొద్దున్నే అన్నం పెట్టేసింది.) బస్సులు లేవు కాబట్టి నడిచే వెళ్ళాం. దారిలో వాన మళ్ళీ దంచి గంధమంతా కడిగేసింది.

ఆ వారంలోనే జైళ్ళ తలుపులు తెరిచేశారు. లోపలివాళ్ళంతా ఊరిమీద పడ్డారని, డబ్బిచ్చి వాళ్ళచేత మంచినీళ్ళలో, తిండిలో విషం కలిపిస్తున్నారని పుకార్లు లేచాయి. ప్రతి పేటవాళ్ళూ వీధి మొదట్లో వెదురు అడ్డుకట్టలు కట్టుకుని, చివర చెక్కిన వెదురు ఈటెలతో కాపలా కాస్తున్నారు. జైల్లో అందరికీ గుండు చేస్తారు. ఈ సంగతులన్నీ మాకు తెలుసు. తెలిసి కూడా, గుండు కొట్టించుకుని, గిన్నెనిండా పసుపుపచ్చటి పదార్థం మోసుకుంటూ, ఇద్దరం పరాయి పేటకు బయల్దేరాం. మాకు గుండంటే మొక్కు. ఆ ఊళ్ళో సన్యాసి కాని మనిషికి గుండు ఉంటే దానికి ఇంకో అర్థం ఉందని మా బుర్రలకు తట్టనేలేదు.

తామ్వే అడ్డుకట్ట దగ్గర మమ్మల్ని చూడగానే కబుర్లు ఆగిపోయాయి. ఈటెలు లేచాయి. వాళ్ళకు పెద్ద, నాకంటే కొంచెం పెద్దవాడు, తలనిండా ఒత్తైన ఉంగరాల జుట్టు ఉన్న మనిషి ముందుకొచ్చాడు. (మనసులో అప్పుడే అతనికి ఉంగరాల కో, అంటే ఉంగరాల అన్న, అని పేరు పెట్టేశాను. అంత భయంలోనూ ఆ జుట్టు చూసి అసూయపడ్డానని గుర్తు.) ఎవరు, ఎక్కడినుంచి, గిన్నెలో ఏమిటి అని అడిగాడు. మావ చెప్పాడు. అయితే తిను, చూస్తాం అన్నాడతను. మావ తిననన్నాడు. అక్క తినకుండా నేను ముట్టకూడదన్నాడు. ఈటెలు ఇంకా దగ్గరకొచ్చాయి. నేను గబగబా మూత తీసి ఇంత ముద్ద నోట్లో పెట్టుకున్నాను, ఇంకో ముద్ద కూడా తిన్నాను. కుర్రాడు తింటున్నాడు గాని పెద్దవాడు తినడం లేదేం అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఒక ఈటె మొన మావ మెడకు ఆనింది. ఆ రోజుల్లో అలాంటి చోట్ల ఏం జరుగుతోందో విన్నవాళ్ళం. మావను అక్కడే పోగొట్టుకుంటానని నాకు నిశ్చయమైపోయింది.

ఉంగరాల కో ఒక్క క్షణం ఆలోచించాడు. మీది పజుండౌంగ్ మిల్లు పేటే అయితే, మీ జట్టు మామీద ఎలా ఓడిందో చెప్పు ఊలే అన్నాడు. అతను అంత మర్యాదగా 'బాబాయ్' అన్నందుకే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువైన ప్రశ్నా అనుకున్నాను. (మావ బర్మీ కూడా తెలుగులాగే మాట్లాడేవాడు, అందుకని ఆ జవాబు అలాగే రాస్తున్నాను.)

"ఓడిపోనేదు. ఓడించీసినారు. ఆ గోలు ఆఫ్‌సైడు."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అది శుద్ధమైన గోలని ఉంగరాల కో అన్నాడు. తను గీతమీదే నిలబడి చూశానన్నాడు. నేను మావ చొక్కా పట్టుకుని లాగి, తెలుగులో, గోలని ఒప్పీసుకో మావా, ఎలిపోదాం అని బతిమాలాను. మావ నన్ను విదిలించి కొట్టాడు. మెడమీదున్న ఈటెను రెండు వేళ్ళతో పట్టుకుని, ఇలా ఇయ్యి అని, ఆ కుర్రాడి చేతిలోంచి తీసుకున్నాడు. ఆ కుర్రాడు ఇచ్చేశాడు కూడా. ఆ ఈటెతో మావ బురదలో గీత గీశాడు. ఇత్తడి గిన్నె గోల్‌కీపర్, నన్ను మా బేకుగా ఓ చోట నిలబెట్టాడు, ఈటె ఇచ్చిన కుర్రాణ్ణి వాళ్ళ ఫార్వర్డుగా ఇంకో చోట నిలబెట్టాడు. వానలో గుండు మెరుస్తుండగా, మీవోడి కాలు ఇక్కడుంది, మావోడు అక్కడున్నాడు అని గంతులేస్తూ చూపించాడు. ఉంగరాల కోకి ఒళ్ళు మండింది. తన ఈటె పక్కన పడేసి వచ్చి, నన్ను భుజాలు పట్టుకుని రెండడుగులు వెనక్కి జరిపాడు. మావ వచ్చి మళ్ళీ ముందుకు జరిపాడు. అలా నన్ను ముందుకీ వెనక్కీ జరుపుతుంటే మిగతా కాపలావాళ్ళు ఈటెలు గోడకు చేరవేసి చుట్టూ మూగారు, తలో మాటా అన్నారు. ఖైదీల మాట ఎవరికీ గుర్తులేదు.

చివరికి ఉంగరాల కోయే ఆయాసపడి ఆగాడు. మావ గుండువంకా, బురదలో గీతవంకా చూసి నవ్వడం మొదలుపెట్టాడు.

"జైలు నుంచి వచ్చినవాడైతే గోలని ఒప్పుకుని ప్రాణం దక్కించుకునేవాడు. ఇతను పజుండౌంగ్ వాడే."

తర్వాతి గంట నా జీవితంలో అన్నిటికంటే మెత్తటి గంట. వాన వెలిసింది. అడ్డుకట్ట పక్కన బస్తాలు పరిచి మమ్మల్ని కూర్చోబెట్టారు, టీ తెచ్చారు. మావ ఉపవాసం కాబట్టి గ్లాసు చేత్తో పట్టుకుని ఆవిరి మాత్రం పీల్చాడు. ఎవరు ప్రెసిడెంటు అయితే బాగుంటుందో అందరూ చెప్పారు. ఒకడు విద్యార్థి ఎవరైనా కావాలన్నాడు, ఒకడు అసలెవరూ అక్కర్లేదు, ఈ వారాలు ఎవరూ లేకుండా బాగానే ఉంది కదా అన్నాడు. మావ మాత్రం ఎవరైనా సరే, రిఫరీలను మార్చాలన్నాడు. వచ్చే ఏడు లీగు మళ్ళీ మొదలైతే తామ్వే మైదానంలో ఆడదామా, మీ దగ్గరా అని మాట్లాడుకున్నారు. పోలీసు లేడు, ఆఫీసు లేదు, బస్సు లేదు. మబ్బుల సందులోంచి పచ్చటి ఎండ పడుతోంది, ఎక్కడో రేడియో పాడుతోంది. వచ్చే ఏడు అనేది తప్పకుండా వస్తుందని అక్కడున్న ప్రతివాడూ నమ్మాడు. నేనూ నమ్మాను. ఉంగరాల కో తనే దగ్గరుండి మమ్మల్ని మావ అక్క ఇంటిదాకా తీసుకెళ్ళాడు, ప్రసాదం తను కూడా పెట్టించుకున్నాడు.

తిరిగి వస్తున్నప్పుడు మావ గిన్నె మోసుకుంటూ ముందు నడిచాడు. కాలవ వంతెన దగ్గరకొచ్చాక ఆగాడు.

"అది గోలేరా. మన బేకు ఆడికంటే ఎనకనే ఉన్నాడు. నాను సూసినాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. మరి ఒప్పీసుకోవచ్చు కదా, పొడిచీసుంటే అత్తకి నానేటి సెప్పీవాణ్ణి అని కేకలేశాను. మావ గుండు తడుముకున్నాడు.

"ఇన్నాళ్ళూ పెద్దోళ్ళు ఏటి సెప్తే అది ఒప్పీసుకొనే బతికినాం కదరా. ఒకటైనా ఒప్పుకోకుండా ఉండాల కదేటి. ఈ మాట నీ దగ్గరే ఉండాల."

నా కోపమంతా ఎటుపోయిందో తెలియదు. ఆ వంతెన మీద మావ చెయ్యి పట్టుకుని నడిచాను, చిన్నపిల్లాడిలాగ.

వానలు వెళ్ళకముందే సైనికులు మళ్ళీ వచ్చారు. అడ్డుకట్టలు పీకేశారు. వచ్చే ఏడు లీగు రాలేదు, ఆ పై ఏడూ రాలేదు. మిల్లు మూతపడింది, జట్టు చెదిరిపోయింది. ఊ రేడియో చివరిదాకా తప్పు పేర్లు చెబుతూనే పోయాడు. మా జట్టు మాత్రం ఏ లెక్కలో చూసినా ఇప్పటికీ దిగిపోలేదు. నా జుట్టు తిరిగి వచ్చింది, మునుపటికంటే ఒత్తుగా వచ్చింది. తర్వాత ఏ మొక్కూ లేకుండానే, ఎవరినీ అడగకుండానే, దానంతటదే వెళ్ళిపోయింది. మావ కూడా అలాగే ఒక మధ్యాహ్నం నిద్రలో వెళ్ళిపోయాడు.

మొన్నీమధ్య, సైనికులు మళ్ళీ గద్దెనెక్కితే ఊరంతా నిరసనగా పాత్రలు మోగించి, మళ్ళీ తలుపులు వేసుకున్న ఈ రోజుల్లో, సంచౌంగ్ బజారు పక్కన టీ కొట్లో ఒక ముసలాయన నావంకే చూస్తూ కూర్చున్నాడు. నున్నటి గుండు. లేచి వచ్చి, మీ ఊలే ఎలా ఉన్నాడు అన్నప్పుడు గుర్తుపట్టాను. ఉంగరాల కో. మావ లేడని చెప్పాను. అతను నా ఎదురుగా కూర్చున్నాడు. తర్వాత నెమ్మదిగా, ఇన్నేళ్ళూ ఆలోచించాను, అది ఆఫ్‌సైడే అయ్యుంటుంది అన్నాడు. మావ గెలిచాడు. చెబుదామంటే మావ లేడు. ఆ పెద్దమనిషి అంత ఉదారంగా ఇస్తున్నదాన్ని ఊరికే తీసుకోవడం అన్యాయమనిపించి, దాచమన్న మాట చెప్పేశాను. కాదు, అది గోలే, మా మావే నాతో అన్నాడు అన్నాను.

ఉంగరాల కో మొహం ఎర్రబడింది. అబద్ధం అన్నాడు. మెడమీద ఈటె పెడితేనే అనని మనిషి నీతో ఎందుకంటాడు, పోయినవాడిమీద అలాంటి మాటలు చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందని నన్ను కోప్పడ్డాడు. కొట్లోవాళ్ళు మావైపు తిరిగారు. నేను ఎంత చెప్పినా వినలేదు. టీ గ్లాసు గోల్‌కీపర్ చేసి, చెంచా అడ్డంగా పెట్టి, బిస్కెట్లు అటూ ఇటూ జరుపుతూ అది ఆఫ్‌సైడెలా అయిందో మావ చెప్పినట్టే పొల్లుపోకుండా నాకు నిరూపించాడు.

ఆఫ్‌సైడే అని ఒప్పుకున్నాను. అతను శాంతించి నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చాడు. బయటికొచ్చాక సన్నగా జల్లు మొదలైంది. కళ్ళమీద పడుతున్న జుట్టు వెనక్కి తోసుకుందామని చెయ్యెత్తాను. ఆ అలవాటొక్కటీ ఇంకా పోలేదు.